నెత్తుటిలో పుట్టని విద్య

అణగారిన సమాజాల నుంచి వచ్చిన కళాకారులను మెచ్చుకోవడంలో ఒక పాత కపటం ఉంది. వారికి ఆ కళ పుట్టుకతోనే వచ్చిందనడం. డప్పు కొట్టే చేతిలో లయ, సన్నాయి ఊదే పెదవిలో రాగం జన్మతః ఉన్నాయని చెప్పడం పైకి ప్రశంసలాగే వినిపిస్తుంది. అదే నోరు మరొకరి సంగీతాన్ని శాస్త్రమనీ, సాధన అనీ, విద్వత్తు అనీ పిలిచినప్పుడు ఆ ప్రశంస అసలు రంగు బయటపడుతుంది. ఒకరికి రక్తం, మరొకరికి విద్య. మన దేశంలో కులం చేసిన ఈ పంపకాన్ని అమెరికాలో వర్ణవివక్ష చేసింది. తొలినాళ్లలో జాజ్‌ను నెత్తిన పెట్టుకున్న తెల్ల విమర్శకుల్లో ఎందరో, ఫ్రాన్సుకు చెందిన యూగ్ పనాసియే వంటి నికార్సయిన అభిమానులతో సహా, నల్లవారి వాద్యసంగీతాన్ని చదువు తాకని ఆదిమ సహజత్వంగానే కీర్తించారు. నలభయ్యేళ్లయినా పూర్తిగా నిండీ నిండని తన జీవితంతో ఆ మాటను అబద్ధం చేసిన శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్.

1926 సెప్టెంబరు 23న నార్త్ కరోలినా రాష్ట్రంలోని హామ్లెట్ అనే చిన్న రైల్వే పట్టణంలో అతడు పుట్టాడు. తండ్రి దర్జీ. తీరిక వేళల్లో వయొలిన్ వాయించేవాడు. పసివాడుగా ఉండగానే కుటుంబం హై పాయింట్ పట్టణానికి, తల్లి తరఫు తాత ఇంటికి మారింది. కుర్చీలూ బల్లలూ మేజోళ్లూ తయారుచేసే మిల్లుల ఊరు అది. నల్లవారికి వేరే పేట, వేరే బడి, వేరే కుళాయి. తాత విలియం విల్సన్ బ్లెయిర్ ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ జయన్ సంఘంలో పేరున్న బోధకుడు. తెల్లవారి మెథడిస్ట్ చర్చిలో సమానంగా కూర్చునే చోటు దొరకని నల్లవారు 18వ శతాబ్దం చివర న్యూయార్క్‌లో విడిగా కట్టుకున్న సంఘం అది. బానిసత్వ నిర్మూలనకు పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్, హారియెట్ టబ్‌మన్ ఆ సంఘంతో ముడిపడినవారే. ఒకే దేవుడి కింద రెండు వరుసల బల్లలు ఎలా ఉంటాయో మన పల్లెల్లోని దళిత క్రైస్తవులకు విడమరచి చెప్పనక్కరలేదు. ఆ తాత ప్రసంగాలు, వాటిలోని ఎత్తుగడలు, విరామాలు, ఒకే మాటను మళ్లీ మళ్లీ అంటూ పైకి లేపే తీరు పిల్లవాడి చెవిలో పడ్డాయి. పాతికేళ్ల తరువాత అవి శాక్సఫోన్‌లోంచి బయటికి వచ్చాయి.

1938 చివరి నుంచి కొద్ది నెలల వ్యవధిలో తాత, తండ్రి, అమ్మమ్మ వరుసగా చనిపోయారు. పన్నెండేళ్ల జాన్ బాల్యం అక్కడితో ముగిసింది. ఇల్లు గడవడానికి తల్లి పరాయి ఇళ్లలో పనికి కుదిరింది. ఆ కాలంలోనే అతడు ఊళ్లో ఒక పాస్టరు నడిపే చిన్న బ్యాండులోనూ, ఆ తరువాత నల్లవారి ఉన్నత పాఠశాల బ్యాండులోనూ చేరాడు. మొదట ఆల్టో హార్న్, తరువాత క్లారినెట్, ఆ పైన శాక్సఫోన్. బడిలో అంతకుముందు మంచి మార్కులు తెచ్చుకున్న కుర్రవాడు ఈ దుఃఖం తరువాత చదువులో వెనుకబడి వాద్యంలో మునిగిపోయాడు.

1943లో బడి ముగియగానే దక్షిణాదిని వదిలి ఉత్తరాదికి తరలిపోయిన లక్షలాది నల్లవారి వలసలో భాగంగా ఫిలడెల్ఫియా చేరాడు. చక్కెర శుద్ధి కర్మాగారంలో పని. తల్లి కొనిచ్చిన శాక్సఫోన్‌తో సంగీత పాఠశాలలో తరగతులు. ఉత్తరాదిలో వివక్షకు బోర్డులు తక్కువ, గోడలు తక్కువేమీ కాదు. ఫిలడెల్ఫియాలో వాద్యకారుల కార్మిక సంఘం సైతం రెండుగా ఉండేది: తెల్లవారిది ఒకటి, నల్లవారిది ఒకటి. 1945 జూన్‌లో ఆ నగరంలోనే అతడు చార్లీ పార్కర్ కచేరీ విన్నాడు. ఆనాటి వరకు తాను వాయిస్తున్నది ఏమిటో, వాయించవలసింది ఏమిటో ఆ రాత్రి తేటతెల్లమైంది.

హిరోషిమాపై అణుబాంబు పడిన 1945 ఆగస్టు 6వ తేదీనే కోల్ట్రేన్ అమెరికా నౌకాదళంలో చేరాడు. హవాయి దీవుల్లోని పర్ల్ హార్బర్‌లో నల్ల నావికులకు కేటాయించిన శిబిరంలో వేశారు. అక్కడి వాద్యబృందానికి ఇతడి వాయిద్యం కావాలి. అయితే బృందం అంతా తెల్లవారిది. అందుకని పై అధికారుల కంట పడకుండా అతడిని సభ్యుడిగా కాక అతిథిగా చూపి వాయింపించుకున్నారు. వాద్యం లేని వేళల్లో వంటశాల పని, కాపలా. కచేరీకి పనికివచ్చి జాబితాకు పనికిరాని మనిషి. పెళ్లి పందిట్లో మంగళవాద్యం తమదే అయినా బంతిభోజనంలో చోటు లేని కుటుంబాలు మన ఊళ్లలో ఉన్నాయి కనుక ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు.

ఏడాది తరువాత విడుదలై వచ్చిన అతడికి నౌకాదళం ఇచ్చిన ఒక్క మేలు గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. యుద్ధంలో పనిచేసినవారి చదువుకూ ఇంటికీ ప్రభుత్వమే డబ్బు సమకూర్చే చట్టాన్ని అమెరికా 1944లో తెచ్చింది. చట్టం పాఠంలో ఎక్కడా రంగు ప్రస్తావన లేదు. అమలు మాత్రం స్థానిక తెల్ల అధికారులు, బ్యాంకుల చేతుల్లో పెట్టారు. 1947లో మిసిసిపీ రాష్ట్రంలోని 13 పట్టణాల్లో లెక్క చూస్తే ఆ పథకం కింద ఇచ్చిన 3,229 రుణాల్లో నల్లవారికి దక్కినవి 2. తెల్ల మధ్యతరగతిని నిలబెట్టిన ఈ ప్రభుత్వ ధనాన్ని ఎవరూ ప్రతిభకు ద్రోహం అనలేదు. అలాంటి మాటలు తరువాతి దశాబ్దాల్లో నల్లవారికి కొద్దిపాటి సీట్లు, ఉద్యోగాలు ఇవ్వజూపినప్పుడే పుట్టాయి. కోల్ట్రేన్ దక్షిణాదికి తిరిగి వెళ్లకుండా ఫిలడెల్ఫియాలో ఉండడం వల్ల ఆ చట్టం అతడికి అందింది. దాని సాయంతో గ్రానాఫ్ సంగీత పాఠశాలలో చేరి డెనిస్ శాండోల్ దగ్గర ఏళ్ల తరబడి సంగీత సిద్ధాంతం చదివాడు. పుట్టుకతో వచ్చిన లయ అని అందరూ చెప్పుకున్న ఆ సంగీతం వెనుక సర్కారు చెల్లించిన ఫీజు రశీదు ఉంది. ప్రభుత్వ ఉపకార వేతనంతో చదువుకుంటున్న నా విద్యార్థులకు అతడి జీవితంలో నేను మొదట చూపేది ఆ రశీదునే.

చదువు అతడికి వ్యసనమంత తీవ్రమైంది. శాక్సఫోన్ అభ్యాస గ్రంథాలు చాలక పియానో, వయొలిన్, హార్ప్ వాద్యాల కోసం రాసిన పాఠాలను తన వాద్యంపై సాధన చేశాడు. నికొలస్ స్లోనిమ్‌స్కీ 1947లో ప్రచురించిన స్వరశ్రేణుల బృహత్కోశాన్ని అరిగిపోయేలా తిప్పాడు. కచేరీ మధ్య విరామంలో ఇతరులు కబుర్లు చెప్పుకుంటుంటే అతడు వెనుక గదిలో అభ్యాసం చేసేవాడు. ఇరుగుపొరుగుకు నిద్ర చెడకుండా అర్ధరాత్రి వేళ ఊదకుండానే మీటలపై వేళ్లు నడిపేవాడు. మెడలో వాద్యంతోనే నిద్రపోయేవాడని తోటివారు చెప్పుకునేవారు.

బతుకుతెరువు మాత్రం వేరు. ఎడ్డీ విన్సన్ బృందంలో ఉన్నప్పుడు ఆల్టో వదిలి టెనర్ శాక్సఫోన్ పట్టాడు. 1949 నుంచి డిజ్జీ గిలెస్పీ దగ్గర, ఆ తరువాత జానీ హాడ్జెస్ దగ్గర పనిచేశాడు. పని లేని రోజుల్లో ఫిలడెల్ఫియా మద్యశాలల్లో తాగేవారి గ్లాసుల మధ్య బల్లపైకెక్కి నడుస్తూ, వెనక్కి వంగుతూ, కీచుమని ఊదే వినోదపు పని చేయవలసి వచ్చింది. ఒక రాత్రి మిత్రుడు బెన్నీ గోల్సన్ చూస్తుండగా బల్లపై దొరికిపోయి సిగ్గుతో కుంచించుకుపోయాడు. స్లోనిమ్‌స్కీ చదివే మనిషికి సమాజం ఇచ్చిన వేదిక అది.

ఈ కాలంలోనే హెరాయిన్ పట్టుకుంది. ఆ తరం జాజ్ విద్వాంసులను గుంపులు గుంపులుగా బలి తీసుకున్న మత్తు అది. దానిని కళాకారుడి విలాసంగానో, మేధావి బలహీనతగానో రాసే అలవాటు జీవితచరిత్రలకు ఉంది. నాకు ఆ అలవాటుపై గౌరవం లేదు. నల్లపేటలకు ఆ మందు చౌకగా చేరేది, వైద్యం చేరేది కాదు. బానిసైనవాడు రోగి కాక నేరస్థుడయ్యేవాడు. హాడ్జెస్ బృందం నుంచి అతడిని తొలగించడానికి కారణం అదే. 1955లో మైల్స్ డేవిస్ పంచకంలో చేరి దేశమంతా పేరు తెచ్చుకున్నా, 1957 వసంతంలో మళ్లీ అదే కారణంతో పని పోయింది.

అప్పుడు అతడు ఫిలడెల్ఫియాలో 1952లో కొనుక్కున్న ఇంటికి తిరిగి వచ్చాడు. తల్లి, భార్య నైమా ఆ ఇంట్లో ఉన్నారు. నైమా ఇస్లాం స్వీకరించిన నల్లజాతి స్త్రీ. ఏ ఆసుపత్రీ లేకుండా, గదిలో ఒంటరిగా, మందునూ మద్యాన్నీ ఒక్కసారిగా మానేశాడు. ఆ యాతనలోనే తనకు ఆధ్యాత్మిక మేలుకొలుపు కలిగిందని తరువాత రాసుకున్నాడు. ఆ మాటను నేను అక్షరాలా స్వీకరిస్తాను. నమ్మకం సంగతి అటుంచితే, ఆ ఏడాది నుంచి మరణం దాకా గడిచిన పదేళ్లలో అతడు చేసిన పని పరిమాణమే అందుకు సాక్ష్యం.

ఆ వేసవిలో న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్బులో థెలోనియస్ మంక్‌తో నెలల తరబడి వాయించాడు. మంక్ అతడికి గురువు వంటివాడు. అడిగిన ప్రశ్నకు పియానోపై సమాధానం చూపేవాడు. ఆ మంక్‌కే పోలీసుల అనుమతి కార్డు లేక నగరంలోని క్లబ్బుల్లో వాయించే హక్కు ఏళ్ల తరబడి లేకపోయింది. 1958లో కోల్ట్రేన్ డేవిస్ దగ్గరికి తిరిగి వచ్చాడు. 1959 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ బృందం కైండ్ ఆఫ్ బ్లూ రికార్డు చేసింది. అదే ఏడాది ఆగస్టులో, బర్డ్‌ల్యాండ్ క్లబ్బు బయట, తన పేరే రాసి ఉన్న ప్రకటన కింద నిలబడిన డేవిస్‌ను పోలీసులు తల పగిలేలా కొట్టారు.

కైండ్ ఆఫ్ బ్లూ ముగిసిన రెండు వారాలకే కోల్ట్రేన్ తన సొంత పేరుతో జయంట్ స్టెప్స్ రికార్డు చేశాడు. మొదటిది ఒక్కో స్వరశ్రేణిపై నిలకడగా నిలబడే సంగీతం. రెండవది పూర్తిగా విరుద్ధం. స్థాయిలోని 12 స్వరస్థానాలను నాలుగేసి చొప్పున మూడు సమభాగాలు చేసి, ఆ మూడు ఆధారస్వరాల మధ్య మెరుపువేగంతో శ్రుతి మారుస్తూ పోయే నిర్మాణం అది. మన సంగీతంలో గ్రహభేదం తెలిసినవారికి దాని కష్టం కొంత అందుతుంది. ఆనాటి రికార్డింగులో పియానో వాయించిన టామీ ఫ్లానగన్ సామాన్యుడు కాదు. అతడు సైతం తన వంతు వచ్చేసరికి తడబడి ఆగడం రికార్డులో నేటికీ వినిపిస్తుంది. కోల్ట్రేన్ ఆ దారిలో ముందే వందలసార్లు నడిచి ఉన్నాడు. నేటికీ ప్రపంచమంతా సంగీత విద్యాలయాల్లో జాజ్ విద్యార్థికి ఆ బాణీ ఒక పరీక్షాపత్రం.

1960లో సొంత బృందం కట్టాడు. పియానోపై మెకాయ్ టైనర్, డ్రమ్స్‌పై ఎల్విన్ జోన్స్, కొంత ఆలస్యంగా బాస్‌పై జిమ్మీ గారిసన్. బ్రాడ్‌వే నాటకంలోని తేలికపాటి పాట మై ఫేవరెట్ థింగ్స్‌ను సొప్రానో శాక్సఫోన్‌పై పదమూడు నిమిషాలకు పైగా సాగదీసి వాయించిన రికార్డు 1961లో వచ్చి బాగా అమ్ముడైంది. అదే ఏడాది చివర డౌన్ బీట్ పత్రికలో జాన్ టైనన్ అనే విమర్శకుడు అతడి కొత్త వాదనాన్ని జాజ్ వ్యతిరేకం అని కొట్టిపారేశాడు. ఇక్కడ చమత్కారం చూడాలి. చదువు లేదన్నంతకాలం నల్లవాడి సంగీతం సహజం, ముద్దు. చదివి, చదివినదాన్ని దాటి వెళ్లగానే అది సంగీతమే కాదు. కోల్ట్రేన్, అతడి సహచరుడు ఎరిక్ డాల్ఫీ కలిసి 1962లో అదే పత్రికలో జవాబిచ్చారు. అందులో కోపం లేదు. విశ్వంలో తనకు తెలిసినవాటి చిత్రాన్ని శ్రోతకు అందించడమే తన పని అన్న భావం, విమర్శకులు రాసేముందు వాద్యకారులను అడిగి తెలుసుకోవాలన్న కోరిక ఉన్నాయి.

1961 నవంబరులో విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించిన ఇండియా అనే రచన మన చర్చకు మరింత దగ్గరిది. దాని బాణీకి మూలం అమెరికాలో విడుదలైన ఒక భారతీయ మతసంగీత రికార్డులోని వేదపఠనమని పరిశోధకులు గుర్తించారు. వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం కరిగించి పోయమన్న గౌతమ ధర్మసూత్రం పుట్టిన దేశపు మంత్రాన్ని, బానిసల వారసుడొకడు దుకాణంలో దొరికే రికార్డు నుంచి విని, తన శాక్సఫోన్‌లో పలికించాడు. అనుమతి అడగవలసిన అవసరమే రాలేదు. ఆ గొంతుల వెనుక ఎన్ని చెవులు మూతపడ్డాయో అతడికి తెలిసే వీలు లేదు. ఐరోపా పెత్తనం బయట ఉన్న ఒక విశాల ఆధ్యాత్మిక లోకంగానే అతడు భారతదేశాన్ని ఊహించుకున్నాడు. అందులో కులం లేదు. బహుశా ఊహలో మాత్రమే సాధ్యమైన దేశం అది.

రవిశంకర్‌పై అతడికి అపారమైన గౌరవం. కలిసి మాట్లాడాడు, కొన్ని పాఠాలు నేర్చుకున్నాడు, 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టాడు. రవిశంకర్ మాత్రం అతడి సంగీతం విని కలత చెందినట్టు తరువాత చెప్పాడు. శాకాహారి అయి, యోగాభ్యాసం చేస్తూ, భగవద్గీత చదివే మనిషి వాదనంలో ఇంత అలజడి ఎందుకో ఆయనకు అంతుపట్టలేదు. రవిశంకర్ సదుద్దేశాన్ని నేను శంకించను. కానీ ఆ అలజడి ఎక్కడిదో తెలుసుకోవడానికి గీత చాలదు, అలబామా చూడాలి.

1963 సెప్టెంబరు 15, ఆదివారం. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరంలో పౌరహక్కుల ఉద్యమానికి కూడలిగా ఉన్న 16వ వీధి బాప్టిస్టు చర్చిలో శ్వేతజాత్యహంకారులు పెట్టిన బాంబు పేలింది. ఆడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, క్యారోల్ రాబర్ట్‌సన్ అనే పద్నాలుగేళ్ల బాలికలు, పదకొండేళ్ల డెనీస్ మెక్‌నెయిర్ చనిపోయారు. రెండు నెలల తరువాత, నవంబరు 18న, కోల్ట్రేన్ అలబామా అనే రచనను రికార్డు చేశాడు. అందులో మాట లేదు. పియానో మంద్రంలో ఉరుముతుంటే శాక్సఫోన్ వాక్యాలుగా విరిగి విరిగి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలవుతుంది. ఆ బాలికల అంత్యక్రియల్లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగపు లయను అది అనుసరించిందని వాద్యకారులు చెబుతూ వచ్చారు. హై పాయింట్ చర్చిలో తాత ప్రసంగాలు విని పెరిగినవాడికి అది కష్టమైన పని కాదు. కారంచేడు, చుండూరు తరువాత పుట్టిన పాటలు విన్న తెలుగువారు అలబామాను ఒక్కసారి వినాలి. మన పాట నినాదమై వీధికెక్కింది. అతడిది పెదవి విప్పని శోకం. రెండింటిలో ఏది గొప్పదన్న ప్రశ్నే పుట్టదు.

మరుసటి ఏడాది డిసెంబరు 9న ఒక్క పూటలో ఎ లవ్ సుప్రీమ్ రికార్డయింది. నాలుగు భాగాల ఆ రచన చివరి అంకంలో తాను రాసుకున్న ప్రార్థనను అక్షరం వెంట అక్షరం శాక్సఫోన్‌పై పలికాడు. ఆ ప్రార్థన రికార్డు అట్టపై అచ్చయి ఉంది. చేత పట్టుకుని వింటే ఏ స్వరం ఏ మాటో తెలుస్తుంది. దైవభక్తికీ రాజకీయానికీ మధ్య గోడ కట్టి అతడిని మొదటిదాని వైపు నెట్టేవారు ఉన్నారు. మాటల్లో అతడు మితభాషి, నిజమే. అయితే మాల్కం ఎక్స్ ఉపన్యాసానికి వెళ్లి విని, ప్రభావితుడైనట్టు స్వయంగా చెప్పాడు. మాల్కం హత్య జరిగిన నెల తరువాత, 1965 మార్చిలో, హార్లెంలో నల్లజాతి కళల పాఠశాల కోసం జరిగిన నిధి సేకరణ కచేరీలో వాయించాడు. 1966లో జపాన్ పర్యటనలో నాగసాకి అణుబాంబు స్మారకం దగ్గర ప్రార్థించాడు. యుద్ధాలన్నిటికీ తాను వ్యతిరేకినన్నాడు.

చివరి రెండేళ్ల సంగీతం చాలామంది అభిమానులను దూరం చేసింది. 1965 జూన్‌లో పదకొండు మందితో చేసిన అసెన్షన్ తరువాత శ్రుతి, తాళం అన్న ఆధారాలను ఒక్కొక్కటిగా వదిలాడు. టైనర్, జోన్స్ వెళ్లిపోయారు. ఫారో శాండర్స్, రషీద్ అలీ, పియానోపై రెండవ భార్య ఆలిస్ వచ్చారు. ఆ రికార్డుల్లో కొన్నిటిని నేను ఇప్పటికీ పూర్తిగా వినలేను. జనం మెచ్చిన రూపంలో స్థిరపడి సుఖంగా సంపాదించుకునే అవకాశాన్ని అతడు కాలదన్నుకున్నాడన్నది మాత్రం స్పష్టం. 1967 ఏప్రిల్ 23న హార్లెంలోని ఒలతుంజి ఆఫ్రికన్ సంస్కృతి కేంద్రంలో చివరి కచేరీల్లో ఒకటి ఇచ్చాడు. జూలై 17న కాలేయ క్యాన్సర్‌తో లాంగ్ ఐలండ్‌లోని హంటింగ్టన్ ఆసుపత్రిలో మరణించాడు. పొరుగు రాష్ట్రంలోని నెవార్క్ నగరంలో ఒక నల్ల టాక్సీ డ్రైవరును పోలీసులు కొట్టినందుకు రగిలిన తిరుగుబాటు ఆ రోజుకింకా పూర్తిగా చల్లారలేదు. అంత్యక్రియల్లో ఆల్బర్ట్ ఐలర్, ఆర్నెట్ కోల్మన్ బృందాలు వాయించాయి.

జాజ్‌కు పట్టం కట్టే విషయంలో అమెరికా సంస్థలకు తొందర లేదు. 1965లో డ్యూక్ ఎల్లింగ్టన్‌కు ప్రత్యేక గౌరవం ఇవ్వాలన్న సంగీత న్యాయనిర్ణేతల సిఫారసును పులిట్జర్ మండలి తోసిపుచ్చింది. అదే మండలి 2007లో కోల్ట్రేన్‌కు మరణానంతర ప్రత్యేక గౌరవం ప్రకటించింది. అప్పటికి అతడు పోయి నలభై ఏళ్లు.

ఆలిస్ కోల్ట్రేన్ భారతదేశానికి వచ్చింది, సన్యసించింది, మన పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలై లాస్ ఏంజలెస్ సమీపంలో ఆశ్రమం నడిపింది. నల్లవారి చర్చి గానపు ఊపులో సంస్కృత భజనలు పాడించింది. తండ్రి చనిపోయేనాటికి రవి కోల్ట్రేన్‌కు రెండేళ్లు నిండలేదు. ఒడిలో కూర్చోబెట్టుకుని నేర్పిన పాఠం ఏదీ లేదు. 1986లో అతడు శాక్సఫోన్ నేర్చుకోవడానికి కాలిఫోర్నియా కళాశాలలో చేరాడు. తండ్రిని అందరిలాగే రికార్డుల్లో విన్నాడు.